పాత అంబాసిడర్‌లో ఇండికేటర్లు మొరాయిస్తే: లోపాన్ని వెతికి పట్టుకునే పద్ధతి

హనుమకొండ చౌరస్తాలో కుడివైపు తిరగబోయే కారు ఆ సంగతి ముందుగా చెప్పకపోతే వెనుక వచ్చే ఆటో ఒక లెక్క వేసుకుంటుంది, పక్క నుంచి దూసుకొచ్చే బైకు ఇంకో లెక్క వేసుకుంటుంది. పాత కార్లను ప్రాణంగా చూసుకునే మనం ఇంజనుకూ రంగుకూ సీట్ల గుడ్డకూ పెట్టినంత శ్రద్ధ ఇండికేటర్లకు పెట్టము. అవి పనిచేయని రోజున కిటికీలోంచి చెయ్యి చాపి నెట్టుకొస్తాము. రాత్రి పూట, వానలో ఆ చెయ్యి ఎవరికీ కనిపించదు. నా దగ్గరున్న 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4ను ఆధారం చేసుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికైనా, ఆ కాలపు మరే కారుకైనా వెతికే వరుస ఇదే.

వరుస గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం ములుగు నుంచి వస్తుండగా నా కారు కుడి ఇండికేటర్లు ఆగిపోయాయి. ఒక దుకాణంలో ఫ్లాషర్ (ఇండికేటర్ బల్బులను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే చిన్న డబ్బా) మార్చారు, వారం పనిచేసి మళ్లీ ఆగింది. రెండోసారి, మూడోసారి కూడా ఫ్లాషరే మార్చారు. మూడోసారి స్విచ్ దగ్గర ఒక వైరును కోసి, ఇంకో వైరుతో మెలిపెట్టి టేపు చుట్టి పంపారు. చివరికి కాజీపేటలో ఒక పెద్దాయన డిక్కీ తెరిచి, వెనుక లైటు కింద ఒక్క స్క్రూను గీకి బిగించాడు. ఇండికేటర్ వెంటనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. “తమ్మీ, ముందుగాల ఎర్త్ సూడు, సామాను తర్వాత కొను” అన్నాడు. ఆ ఏడాదే కారుకు కొత్త రంగు వేయించాను. లైటు కింద మందంగా పడిన ఆ రంగే ఎర్త్‌ను, అంటే కరెంటు బాడీ మీదుగా తిరిగి వెళ్లే దారిని, అడ్డుకుంది. మూడు ఫ్లాషర్లకు పెట్టిన డబ్బు పోయింది, కోసిన వైరును తిరిగి సరిచేయడానికి ఒక ఆదివారం పట్టింది. అందుకే మొదట కొలవండి, ఆ తర్వాతే కొనండి. కొలిచేటప్పుడు ఎర్త్‌ను చివరికి వదిలిపెట్టకండి.

కరెంటు నడిచే దారి

ఈ కార్లలో కంప్యూటర్ లేదు, దారి ఒక్కటే. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు ఇగ్నిషన్ స్విచ్ దాటి ఫ్యూజులోకి, ఫ్యూజు నుంచి ఫ్లాషర్‌లోకి, అక్కడి నుంచి స్టీరింగ్ కాలమ్ మీదున్న ఇండికేటర్ స్విచ్‌లోకి వస్తుంది. స్విచ్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు వేస్తే ఎడమ ముందు, వెనుక బల్బులకు, కుడికి వేస్తే కుడివైపు బల్బులకు పోతుంది. బల్బులో వెలిగిన తర్వాత లైటు హోల్డర్ ద్వారా కారు బాడీలోకి దిగి, బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి చేరుతుంది. ఈ తిరుగు ప్రయాణాన్నే మనం ఎర్త్ అంటాము. వెళ్లే దారికి రంగురంగుల వైర్లుంటాయి కాబట్టి అందరి చూపూ అటే పోతుంది. తిరిగొచ్చే దారి జంగు పట్టిన రేకులో, వదులైన స్క్రూలో కనిపించకుండా ఉంటుంది.

వైర్ల రంగులు తెలిస్తే పని సగం తేలికవుతుంది. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కాబట్టి, దాని వైరింగ్‌ను బ్రిటిష్ లూకాస్ రంగుల పద్ధతితో పోల్చి చూడండి. ఆ పద్ధతిలో ఇగ్నిషన్ వేశాక ఫ్యూజు దాటి వచ్చే వైరు ఆకుపచ్చ. ఫ్లాషర్ నుంచి స్విచ్‌కు వెళ్లేది లేత ఆకుపచ్చ మీద గోధుమ గీత. ఎడమవైపు బల్బులకు ఆకుపచ్చ మీద ఎరుపు గీత, కుడివైపు బల్బులకు ఆకుపచ్చ మీద తెలుపు గీత, ఎర్త్‌కు నలుపు. ఇటలీ మూలాలున్న పద్మినిలో ఈ లెక్క పనికిరాదు. అంబాసిడర్‌లో కూడా ముప్పై నలభై ఏళ్లలో చేతులు మారిన బండి అయితే, మధ్యలో ఎవరికి ఏ రంగు వైరు దొరికితే అది వేసి ఉండవచ్చు. రంగును ఆనవాలుగా తీసుకోండి, నిర్ధారణ మాత్రం టెస్ట్ ల్యాంపుతోనే (కరెంటు ఉన్న చోట ఆనిస్తే వెలిగే పరీక్ష బల్బు) చేసుకోండి.

చెయ్యి పెట్టే ముందు

ఖరీదైన పనిముట్లు అవసరం లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా అందేంత పొడవైన ఒక వైరు, దానికి రెండు చివరలా క్లిప్పులు, స్క్రూడ్రైవర్లు, సన్నని ఎమరీ కాగితం, పాత టూత్ బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఉంటే చాలు. టెస్ట్ ల్యాంపు ఇంట్లోనే చేసుకోవచ్చు: ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు, దాని హోల్డర్, రెండు వైర్లు. దీని ఉపయోగం షార్ట్ (వైరు నేరుగా బాడీకి తగలడం) వెతికేటప్పుడు తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు ముందే చెప్పాలి. వైర్లను విప్పే, కోసే పని చేసేటప్పుడు బ్యాటరీకి ఎర్త్ వైపు ఉన్న తీగను విప్పేయండి. వేలికి ఉంగరం, చేతికి లోహపు గడియారం ఉంటే తీసి పక్కన పెట్టండి. రెండోది పాత కార్లకే ప్రత్యేకమైనది, చాలామంది పట్టించుకోనిది. ఇండికేటర్ పరీక్షించాలంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. ఇంజను ఆగిన చోట డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే కాంటాక్టులు) కలిసి ఉంటే ఇగ్నిషన్ కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పారుతూ, పావుగంటలో కాయిల్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. అందువల్ల ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే సన్నని వైరును ముందే తీసి, దాని కొసకు టేపు చుట్టి దేనికీ తగలకుండా పక్కకు పెట్టండి. పని పూర్తయ్యాక తిరిగి తగిలించండి.

ఇంకా స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోకండి. మొదట కారు చుట్టూ తిరిగి చూడండి, వీలైతే ఇంట్లో ఎవరినైనా స్విచ్ వేయమనండి. ఎడమకు వేసినప్పుడు ఏయే బల్బు వెలిగింది, కుడికి వేసినప్పుడు ఏది వెలిగింది, టిక్ టిక్ శబ్దం ఉందా, డ్యాష్‌బోర్డులో పైలట్ బల్బు (ఇండికేటర్ వేసినట్టు చూపే చిన్న దీపం) ఏం చేసింది, పార్కింగ్ లైట్లు వేస్తే ఏమైనా మారిందా, బ్రేకు తొక్కితే మారిందా అన్నవి కాగితం మీద రాసుకోండి. రెండు వైపులా ఏదీ వెలగకపోతే లోపం చీలికకు ముందుంది: ఫ్యూజు, ఫ్లాషర్, లేదా స్విచ్‌కు వచ్చే వైరు. ఒక వైపు చక్కగా కొట్టుకుంటూ ఇంకో వైపు ఆగిపోతే ఫ్యూజు, ఫ్లాషర్ రెండూ బాగున్నట్టే, వాటి జోలికి పోవద్దు. నా కారు విషయంలో ఈ ఒక్క మాట ఎవరైనా ఆలోచించి ఉంటే మూడు ఫ్లాషర్లు మిగిలేవి.

బల్బు, హోల్డర్

ఇండికేటర్ బల్బు 12 వోల్టులు, 21 వాట్లు. ఒక్కోటి సుమారు 1.75 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, ఒక వైపున్న రెండూ కలిసి 3.5 ఆంపియర్లు. పాత ఫ్లాషర్ లోపల కరెంటుకు వేడెక్కి సాగి, చల్లారి ముడుచుకునే లోహపు తీగో పట్టీనో ఉంటుంది. అది ఎంత వేగంగా కొట్టుకోవాలో ఆ కరెంటే నిర్ణయిస్తుంది. అందుకే రెండు బల్బుల్లో ఒకటి మాడిపోతే రెండోది కొట్టుకోకుండా వెలిగే ఉండిపోవడమో, బాగా నెమ్మదించడమో చూస్తాము. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ అయితే చాలా వరకు దీనికి వ్యతిరేకంగా, రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. రెండింటికీ అర్థం ఒక్కటే: ఆ వైపు ఏదో ఒక బల్బుకు సరిపడా కరెంటు అందడం లేదు.

బల్బును తీసి వెలుతురుకు పట్టి చూడండి. తీగ తెగి ఉంటే కనిపిస్తుంది. గాజు లోపల నల్లగానో పాలరంగుగానో మసకబారి ఉంటే అది ఇంకా వెలుగుతున్నా మార్చేయడం మంచిది. మల్టీమీటర్‌తో చూసేవారికి ఒక హెచ్చరిక: చల్లగా ఉన్న 21 వాట్ల బల్బు తీగ నిరోధం ఒక ఓమ్‌కన్నా తక్కువే ఉంటుంది. మీటరు దాదాపు సున్నా చూపించిందని బల్బు షార్ట్ అయిందనుకోవద్దు. వెలిగి వేడెక్కాక అదే తీగ నిరోధం సుమారు ఏడు ఓమ్‌లకు పెరుగుతుంది. బల్బు మీద వాట్లు చదవడం కూడా మరవకండి. బైకు ఇండికేటర్‌లో వాడే 10 వాట్ల బల్బు కూడా కొన్ని హోల్డర్లలో సరిగ్గానే కూర్చుంటుంది, వెలుగుతుంది, కానీ ఫ్లాషర్ లెక్క తప్పిపోతుంది.

ఇక హోల్డర్‌లోకి టార్చి వేసి చూడండి. వానాకాలం నాలుగు నెలలు బయట నిలబడిన కారులో, లైటు అద్దం కింది రబ్బరు గట్టిపడి పగిలిపోయి ఉంటే నీరు నేరుగా లోపలికి దిగుతుంది. హోల్డర్ అడుగున ఒక చిన్న స్ప్రింగు, దాని మీద గోధుమరంగు బిళ్ల, ఆ బిళ్ల మధ్యలో ఇత్తడి బొడిపె ఉంటాయి. జంగు పట్టిన హోల్డర్‌లో బొడిపె చుట్టూ పచ్చని పొడి పేరుకుంటుంది, గోడలకు తెల్లని పొర కడుతుంది, వేలితో నొక్కితే బిళ్ల కిందికి దిగి మళ్లీ పైకి లేవదు. అలా లేవని చోట బల్బు అడుగు బొడిపెకు తగలదు. బ్యాటరీ తీగ విప్పిన తర్వాత టూత్ బ్రష్‌తో పొడి దులిపి, పెన్సిలుకు ఎమరీ కాగితం చుట్టి లోపలి గోడను మెరిసేదాకా తిప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. స్ప్రింగు చచ్చిపోయి ఉంటే హోల్డర్ మార్చడమే దారి. బొడిపెను సాగదీసి సర్దితే నెల రోజుల్లో మళ్లీ అదే తలనొప్పి.

ఎర్త్

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. ఎర్త్ పూర్తిగా తెగిన లైటు వెలగదు, దాన్ని గుర్తించడం కష్టం కాదు. సగం తెగిన ఎర్త్ మాత్రం వింత వింత లక్షణాలు చూపించి మనిషిని దారి తప్పిస్తుంది. వెనుక లైటులో టెయిల్ ల్యాంపు, బ్రేకు లైటు, ఇండికేటర్ మూడూ ఒకే డబ్బాలో ఉండి ఒకే ఎర్త్‌ను పంచుకుంటాయనుకోండి. ఆ ఎర్త్ పోతే ఇండికేటర్ బల్బు నుంచి బయటపడాల్సిన కరెంటు పక్కనున్న టెయిల్ ల్యాంపు తీగలోకి వెనుక నుంచి దూరి, పార్కింగ్ వైరు మీదుగా మిగతా పార్కింగ్ బల్బుల్లోకి పోయి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే ఇండికేటర్ వేస్తే అది వెలగకుండా, వేయని పార్కింగ్ లైట్లు మినుకుమంటాయి. పార్కింగ్ లైట్లు వేసి ఉంచి ఇండికేటర్ వేస్తే, ఇండికేటర్ వెలగాల్సిన క్షణంలో టెయిల్ ల్యాంపు ఆరిపోతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ తీరు మారిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి చూసినా వైరింగ్ తారుమారైందని కంగారుపడి ఏ వైరూ కోయవద్దు, ఆ డబ్బా ఎర్త్ చూడండి.

పరీక్ష చాలా తేలిక. పొడవైన వైరు ఒక కొసను బ్యాటరీలో బాడీకి కలిసే టెర్మినల్‌కు తగిలించండి. స్విచ్ లోపమున్న వైపు వేసి, రెండో కొసను ఆ లైటు హోల్డర్ లోహానికి గట్టిగా ఆనించండి. వెంటనే బల్బు పూర్తి వెలుగుతో కొట్టుకుంటే లోపం ఎర్త్‌దే, ఇంకేమీ వెతకాల్సిన పని లేదు. బల్బు ఏమాత్రం మారకపోతే ఎర్త్ బాగుంది, ముందుకు సాగండి. నాలుగు లైట్ల దగ్గరా ఇలా చూడటానికి పది నిమిషాలు పట్టదు.

కొంచెం మసకగా వెలుగుతున్న బల్బుకు మీటరుతో కొలవడం మేలు. కొట్టుకుంటున్న బల్బు దగ్గర మీటరులో అంకెలు నిలవవు కాబట్టి, ఫ్లాషర్‌కు వచ్చే వైరును, పోయే వైరును చిన్న ముక్కతో కలిపేస్తే బల్బు కొట్టుకోకుండా వెలిగే ఉంటుంది. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక కొన హోల్డర్ లోహానికి, ఇంకో కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు ఆనించండి. బల్బు వెలుగుతుండగా 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో ఇరుకు ఉన్నట్టు. హోల్డర్ దగ్గరున్న మీటరు కొనను ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ కొలవండి: హోల్డర్ నుంచి లైటు డబ్బాకు, డబ్బా నుంచి బాడీ రేకుకు, రేకు నుంచి బ్యాటరీ తీగ బోల్టుకు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, దానికి ముందున్న అతుకే దోషి. అర వోల్టే కదా అని తీసిపారేయకండి. బల్బుకు అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది, మన మే నెల మధ్యాహ్నపు ఎండలో అలాంటి ఇండికేటర్ వెలిగిందో లేదో వెనుకవాడికి తెలియదు.

సరిచేసే విధానం ఇది. ఎర్త్ స్క్రూను పూర్తిగా విప్పండి. దాని కింద రూపాయి బిళ్లంత మేర రంగునూ జంగునూ గీకి, తెల్లని లోహం కనిపించాలి. వైరు కొసనున్న లగ్గు (స్క్రూ దూరే లోహపు రింగు) కూడా రెండు వైపులా గీకండి. లగ్గుకూ రేకుకూ మధ్య పళ్లున్న వాషర్ వేసి బిగించి, బిగించిన తర్వాత పైన గ్రీజు గానీ పెట్రోలియం జెల్లీ గానీ పూయండి. కొత్త రంగు వేయించిన కారైతే ఇది తప్పనిసరి. దసరాకు ముందు రంగు వేయించి, పండుగ రోజు బండి తీస్తే ఇండికేటర్లు పనిచేయలేదని వచ్చేవారిని చూశాను. రేకు కుళ్లి స్క్రూ పట్టని చోట, హోల్డర్‌కు విడిగా ఒక నల్ల వైరు సోల్డర్ చేసి, దాన్ని తీసుకెళ్లి గట్టి రేకుకు బిగించండి. నా కారులో ఇప్పుడు నాలుగు లైట్లకూ అలాంటి ప్రత్యేక ఎర్త్ వైరు ఉంది. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు వెళ్లే మందపాటి తీగల బోల్టులు కూడా ఇదే పూటలో విప్పి శుభ్రం చేసేయండి.

ఫ్యూజు, ఫ్లాషర్

రెండు వైపులా చచ్చిపోయిన కారులో ముందుగా ఫ్యూజు. కంటికి బాగున్న ఫ్యూజును నమ్మకండి. ఇగ్నిషన్ వేసి, టెస్ట్ ల్యాంపు ఒక వైరును బాడీకి తగిలించి, రెండో వైరును ఫ్యూజుకు ముందు ఒక కొసన, తర్వాత రెండో కొసన ఆనించి చూడండి. ఒక వైపు వెలిగి ఇంకో వైపు వెలగకపోతే ఫ్యూజు పోయింది, లేదా దాన్ని పట్టుకునే క్లిప్పులు జంగు పట్టాయి. క్లిప్పులను గీకి, లోపలికి కొద్దిగా నొక్కి బిగువు చేయండి. ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో అంతే వేయాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, మెలితిప్పిన రాగి తీగ ఫ్యూజు బదులు పెట్టిన కార్లు నేను కళ్లారా చూశాను. షార్ట్ అయితే ఆ తీగ కాలదు, వైరింగ్ కాలుతుంది, కింద పెట్రోలు పైపు ఉంటుంది. దయచేసి అలాంటి పని చేయకండి, చేసి ఉంటే ఈ రోజే తీసేయండి.

ఫ్యూజు తర్వాత ఫ్లాషర్. దాని కాళ్ల దగ్గర బి, ఎల్ అని, మూడో కాలు ఉంటే పి అని రాసి ఉంటుంది: బి దగ్గర కరెంటు వస్తుంది, ఎల్ నుంచి స్విచ్‌కు పోతుంది, పి డ్యాష్‌బోర్డు పైలట్ బల్బుకు. ఇగ్నిషన్ వేసి బి దగ్గర టెస్ట్ ల్యాంపు వెలగాలి. వెలిగితే బి, ఎల్ వైర్లను ముక్క వైరుతో కలిపి, స్విచ్‌ను ఎడమకు, కుడికి వేయండి. రెండు వైపులా బల్బులు ఆరకుండా వెలిగితే వైరింగ్ అంతా బాగుంది, ఫ్లాషరే పోయింది. ఇప్పుడు, ఈ పరీక్ష తర్వాతే, కొత్తది కొనడానికి స్టేషన్ రోడ్డుకు బయల్దేరండి. దుకాణంలో పాత ఫ్లాషర్‌ను చూపించి, 12 వోల్టులు, రెండు 21 వాట్ల బల్బులకు సరిపోయేదని అడిగి, దాని డబ్బా మీద అదే రాసి ఉందో లేదో చదువుకుని తీసుకోండి. బైకుది వేయకూడదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తీసుకుంటే దానికి ఎర్త్ వైరు కావాలేమో చూడండి. ఇంకో సంగతి: మరీ పాత బ్రిటిష్ మూలపు కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉండవచ్చు. అలాంటి బండిలో మామూలు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ బిగించగానే పాడవుతుంది. బ్యాటరీలో ఏ గుర్తున్న టెర్మినల్ బాడీకి వెళ్తోందో ఒక్కసారి వంగి చూస్తే ఆ నష్టం తప్పుతుంది.

డైనమో ఉన్న బండిలో ఇంజను ఐడిల్‌లో ఉండగా ఇండికేటర్ నెమ్మదించి, వేగం పెంచగానే మామూలైతే అది ఫ్లాషర్ లోపం కాదు. డైనమో ఐడిల్‌లో సరిగ్గా చార్జింగ్ ఇవ్వదు. బ్యాటరీ చూపించుకోండి.

ఎల్‌ఈడీ బల్బులు వేసుకున్నవారి ఇబ్బంది ఇంకొకటి. అవి తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి పాత ఫ్లాషర్ వేడెక్కదు, కొట్టుకోదు. దానికి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయాలి. కొందరు రెసిస్టర్ తగిలిస్తారు గానీ, 6 ఓమ్‌ల రెసిస్టర్ 12 వోల్టుల దగ్గర 24 వాట్ల వేడిని పుట్టిస్తుంది, డిక్కీలో కార్పెట్ పక్కన అంత వేడి పెట్టడం నాకు ఇష్టం లేదు. పాత కారుకు పాత బల్బే అందం అని నా అభిప్రాయం.

స్విచ్, స్టీరింగ్ కాలమ్

స్టీరింగ్ తిప్పినప్పుడు ఇండికేటర్ వచ్చీ పోతుంటే, స్విచ్ కాడను కొంచెం పైకి నొక్కి పట్టుకుంటే పనిచేస్తుంటే, లోపం ఇక్కడే. కాలమ్ కింద స్విచ్ వైర్ల కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టండి. వచ్చే వైరులో ల్యాంపు కొట్టుకుంటూ, కుడికి వేసినా కుడి వైరులో వెలగకపోతే స్విచ్ లోపలి కాంటాక్ట్ అరిగింది లేదా మురికి పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కాడను ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ ఆడించండి. చాలా స్విచ్‌లు దీనితోనే కోలుకుంటాయి. విప్పాల్సి వస్తే తెల్లని గుడ్డ పరచి దాని మీద విప్పండి, ఎందుకంటే లోపల చిన్న స్ప్రింగు, ఉక్కు గోళీ ఎగిరి పడితే మళ్లీ దొరకవు. విప్పే ముందు ఫోనులో ఫొటోలు తీసుకోండి.

వైర్లు, షార్ట్

స్విచ్ దగ్గర కరెంటు ఉండి వెనుక బల్బు దగ్గర లేకపోతే మధ్యలో వైరు తెగింది. రేకులోని రంధ్రం గుండా వైరు దూరే చోట ఉండే రబ్బరు బుష్, గుమ్మం కింద కార్పెట్ అడుగు, డిక్కీ మూత మడతబందు పక్క, ఈ మూడు చోట్లా ముందు చూడండి. మన ఊళ్లలో ఇంకో శత్రువు ఎలుక. పంట ఇంటికొచ్చిన రోజుల్లో వడ్ల బస్తాల పక్కన నిలబెట్టిన కారులో వెనుక సీటు ఎత్తి చూడకుండా వైరింగ్ గురించి ఏ మాటా చెప్పలేము. కొరికిన వైరు పై తొడుగు పోయి రాగి బయటపడి ఉంటుంది, చుట్టూ నల్లని పెంటికలు, దూది ముక్కలు కనిపిస్తాయి.

కుడికి వేసినప్పుడే ఫ్యూజు పోతుంటే, స్విచ్ దాటిన తర్వాత కుడివైపు వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఫ్యూజు మీద ఫ్యూజు కాల్చుకోకుండా ఫ్యూజు తీసేసి, దాని రెండు క్లిప్పుల మధ్య మీరు చేసుకున్న 21 వాట్ల టెస్ట్ ల్యాంపును తగిలించండి. అదే ఫ్యూజు మీద నడిచే వైపరు లాంటివి ఆపేసి ఉంచండి. కుడికి వేయగానే ల్యాంపు పూర్తి వెలుగుతో నిలబడి, కుడి ఇండికేటర్లు చీకటిగా ఉంటే షార్ట్ అక్కడే ఉంది. ఇప్పుడు తీరికగా వెతకవచ్చు, ఎందుకంటే ల్యాంపు కరెంటును రెండు ఆంపియర్ల లోపే ఆపుతుంది, వైరు కాలదు. డిక్కీలో వెనుక లైటు కనెక్టర్ విప్పండి, తర్వాత ముందు లైటుది విప్పండి. ఏది విప్పినప్పుడు ల్యాంపు వెలుగు పడిపోయిందో లేదా ఆరిపోయిందో షార్ట్ ఆ వైపు ఉంది. రెండూ విప్పినా వెలుగు మారకపోతే మధ్య వైరును చేత్తో కదిలిస్తూ రండి, చెయ్యి సరైన చోట పడగానే ల్యాంపు మినుకుమంటుంది.

పాడైన భాగం మార్చేటప్పుడు ఇంటి వైరింగ్‌కు వాడే ఒంటి తీగ వైరు వేయకండి, కారు అదురుకు అది విరుగుతుంది. సన్నని పోగులున్న ఆటో వైరు, ఒక చదరపు మిల్లీమీటరుది సరిపోతుంది. అయిదు మీటర్ల పొడవులో దాని నిరోధం సుమారు 0.09 ఓమ్‌లు, ఒక ఇండికేటర్ బల్బు కరెంటుకు పోయేది 0.15 వోల్టులే. వీలైతే అదే రంగు వైరు వెతికి వేయండి, మీ తర్వాత ఆ బండి చూసేవారికి అది ఎంతో మేలు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి.

చివరి పరీక్ష

బ్యాటరీ తీగ, కాయిల్ వైరు తిరిగి తగిలించి, ఇంజను స్టార్ట్ చేయండి. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి, హారన్ కొడుతూ రెండు వైపులా ఇండికేటర్ చూడండి. దేనికీ దాని తీరు మారకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి, అంటే పది సెకన్లలో పది నుంచి ఇరవై సార్లు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు బండిని చూపించాలి కాబట్టి, ఈ లెక్క అక్కడ కూడా పనికొస్తుంది. తర్వాత హంటర్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లున్న చోట రెండు కిలోమీటర్లు నడిపి, అదురుకు ఏదైనా వదులవుతుందేమో పైలట్ బల్బును గమనించండి.

మీ కారులో ఏ వైరు ఏ రంగుదో, ఏ ఎర్త్ ఎక్కడ బిగించారో, ఏ తేదీన ఏది మార్చారో ఒక కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్యాష్‌బోర్డు అరలో ఉంచండి.